మూడుసార్లు కట్టినా అతకని కాలు

2021 సెప్టెంబర్, సోమవారం. వరంగల్‌లో సోమవారం ఓపీ అంటే తలుపు దగ్గరే తోపులాట. ఆ జనంలోంచి ఒక పాప నడుచుకుంటూ లోపలికి వచ్చింది. నాలుగేళ్ల ఎనిమిది నెలల వయసు. అడుగు వేసినప్పుడల్లా కుడికాలు మోకాలి దగ్గర ఒకసారి, పిక్క కింద ఇంకోసారి వంగుతోంది. ఒకే కాలికి రెండు మోకాళ్లున్నట్టు. నొప్పి మాత్రం లేదు. వచ్చీ రాగానే టేబుల్ మీది స్టెతస్కోప్ అందుకుని ఆడుకోవడం మొదలుపెట్టింది.

వెనకాలే తల్లి. చేతిలో చీరల షాపు కవరు, దాన్నిండా ఎక్స్‌రేలు. తేదీల వారీగా పేర్చి తెచ్చింది. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా తేరు. "మూడుసార్లు కట్టిచ్చినం సారూ, అతుకుతలేదు" అంది.

మొదటి కట్టు ఏడాదిన్నర వయసులో. పాప నులక మంచం మీది నుంచి దిగింది, కాలు విరిగింది. "పడ్డది గూడ కాదు సార్, దిగింది గంతే" అన్నాడు తండ్రి. పక్క ఊళ్లో ఎముకలు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పట్టించి కట్టాడు. నెలన్నర చూశారు. రెండోది సిమెంటు కట్టు, మూడు నెలలు. మూడోసారి, పాపకు మూడేళ్లప్పుడు, ఒక పెద్దాసుపత్రిలో ప్లేటు, స్క్రూలు వేశారు. ఎనిమిది నెలలకు ప్లేటే విరిగింది. దాన్ని తీసేసి ఇంటికి పంపారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ల స్థానంలో పదిహేనేళ్ల కిందట నేనున్నా అలాంటి పనే చేసేవాణ్ని. చేశాను కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పాపను పడుకోబెట్టి గౌను పైకెత్తగానే పొట్ట మీద, తొడ మీద మచ్చలు కనిపించాయి. పాలు ఎక్కువైన కాఫీ రంగు, అంచులు నున్నగా ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచాను. 5 మిల్లీమీటర్లు దాటినవి తొమ్మిది. చంకలో ఆవాలు చల్లినట్టు సన్నటి చుక్కలు. "గవి పుట్టుమచ్చలే గద సార్?" అంది తల్లి. కాలు చూపించడానికి మూడేళ్లుగా తిరుగుతున్నారు, కవరులో పన్నెండు ఎక్స్‌రేలున్నాయి. ఈ మచ్చల గురించి మాత్రం ఒక్క చీటీలోనూ ఒక్క మాట లేదు. విరిగిన కాలు చూపించడానికి వచ్చిన పిల్లకు గౌను పైకెత్తి పొట్ట చూడాలని ఎవరికీ తోచదు మరి.

తండ్రి ఎనుమాముల మార్కెట్లో హమాలీ. ఫుల్ చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. చొక్కా ఒకసారి విప్పమన్నాను. మొహమాటపడ్డాడు. విప్పాక వీపు మీద, భుజాల కింద పదిహేను ఇరవై దాకా మెత్తటి బొడిపెలు కనిపించాయి. ఒకదాన్ని వేలితో నొక్కితే చొక్కాకు గుండీ రంధ్రం ఉన్నట్టు లోపలికి పోయింది, వేలు తీస్తే మళ్లీ పైకి వచ్చింది. "మిర్చి బస్తాలు మోసీ మోసీ వచ్చినయనుకున్న సార్" అన్నాడు. ఆయన ఒంటి మీదా అవే కాఫీ మచ్చలున్నాయి. కళ్ల డాక్టర్ దగ్గరికి పంపితే నల్లగుడ్డు మీద లిష్ నాడ్యూల్స్ అనే చిన్న చుక్కలు ఉన్నాయని రాసిచ్చారు.

ఇద్దరిదీ న్యూరోఫైబ్రొమాటోసిస్ టైప్ 1. ఒంటి మీద ఇలాంటి మచ్చలు, బొడిపెలు తెచ్చే జన్యు జబ్బు. దాదాపు 3000 మందిలో ఒకరికి ఉంటుంది. 1882లో ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అనే జర్మన్ పాథాలజిస్ట్ దీన్ని వివరంగా రాశాడు. పదిహేడో క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువు 1990లో దొరికింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ పిల్లకు వచ్చే అవకాశం సగానికి సగం. దాదాపు సగం మందిలో ఇంట్లో ఎవరికీ లేకపోయినా కొత్తగా పుట్టుకొస్తుంది. అది ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా మాత్రమే కాలి ఎముక ఇలా అవుతుంది. తండ్రి కాళ్లతో బస్తాలు మోస్తుంటే, కూతురి కాలు మంచం దిగితేనే విరగడంలో అందుకే వింత లేదు.

పాప కాలికి వచ్చింది కంజెనిటల్ సూడార్త్రోసిస్ ఆఫ్ టిబియా. మోకాలి కింద ఉండే పెద్ద ఎముక టిబియా, పక్కన సన్నగా ఉండేది ఫిబులా. సూడార్త్రోసిస్‌ని నేను పేషెంట్లకు 'దొంగ కీలు' అని చెబుతాను. కీలు ఉండకూడని చోట కీలులా కదులుతుంది కాబట్టి. లక్షన్నర నుంచి రెండున్నర లక్షల జననాల్లో ఒకరికి వస్తుంది. నా ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో ఐదుగురిని చూశాను. పేరులో కంజెనిటల్ ఉన్నా చాలామందికి పుట్టినప్పుడు కాలు విరిగి ఉండదు, వంగి మాత్రమే ఉంటుంది. నడక మొదలయ్యాక, ఎక్కువగా రెండేళ్ల లోపు, విరుగుతుంది. ఆ తర్వాత అతకనంటుంది.

మామూలు పిల్లల ఎముకకు అతుక్కోవడమే పని. పక్కింటి పిల్లాడి కాలు విరిగితే సిమెంటు కట్టులో ఆరు వారాలకు అతుక్కుని, వంకర ఉన్నా ఏడాదిలో సర్దుకుంటుంది. మరి ఈ ఎముకకేమైంది? చెట్టుకు బెరడు ఉన్నట్టు ఎముకకు పెరియాస్టియం అనే పొర ఉంటుంది. పిల్లల్లో ఎముక లావెక్కడానికి, విరిగితే అతకడానికి కావలసిన కణాలన్నీ దాని లోపలి వరసలోనే ఉంటాయి. ఈ జబ్బులో ఆ పొరే చెడుతుంది. నానబెట్టిన తోలులా మందమవుతుంది. ఎముకను తయారు చేయడం మాని పీచు కణజాలాన్ని తయారు చేస్తుంది, కొత్త ఎముక ఏ కాస్త వచ్చినా దాన్ని కరిగించే కణాలను ఉసిగొల్పుతుంది, దాని రక్తనాళాల గోడలు కూడా మందమై ఎముకకు రక్తం సరిగా అందదు. అలాంటి పొరను ఎక్కడిదక్కడ వదిలేసి పైన ప్లేటు బిగిస్తే, పిచ్చిచెట్టు వేళ్లు అలాగే ఉంచి చేలో నారు పోసినట్టే. ప్లేటు విరగడం ప్లేటు తప్పు కాదు. అతకని ఎముక మీద పాప వేసిన ప్రతి అడుగునూ ఎనిమిది నెలలపాటు అదొక్కటే మోసింది.

ఇక నా సంగతి. 2006లో ఏటూరునాగారం వైపు నుంచి మూడేళ్ల బాబును తెచ్చారు. ఒక కాలు ముందుకు, బయటికి విల్లులా వంగి ఉంది. విరగలేదు. ఎండ తగలని పిల్లాడు, ఎముకలు మెత్తబడే రికెట్స్ అయి ఉంటుందనుకున్నాను. రికెట్స్‌లో రెండు కాళ్లూ వంగుతాయని నాకు తెలియక కాదు. తెలిసిన జబ్బులోకి కనిపించినదాన్ని ఇరికించడం మాకు అలవాటు. వంకర సరిచేద్దామని ఎముకకు కోత పెట్టి, నిటారుగా నిలబెట్టి, కట్టు వేశాను. ఆ కోత మళ్లీ అతకలేదు. మూడు ఆపరేషన్ల తర్వాత తొమ్మిదేళ్ల వయసులో పాదం తీసేయాల్సి వచ్చింది. కోత పెట్టకపోతే ఆ ఎముక దానంతటదే విరిగేదేమో, విరిగేది కాదేమో. కోత పెట్టింది మాత్రం నేనే.

అప్పటి నుంచి వంకర కాలుతో పసిపిల్ల వస్తే ముందు వంకర ఏ దిక్కుకో చూస్తాను. వెనక్కీ లోపలికీ వంగితే ఎక్కువ శాతం పెరిగే కొద్దీ సర్దుకుంటుంది, చివరికి పొడవులో తేడా మిగులుతుంది. ముందుకూ లోపలికీ వంగితే ఫిబులా ఉందో లేదో చూడాలి. ముందుకూ బయటికీ వంగితే మాత్రం చేయి ఆగాలి. ఆ ఎముకకు ఎవరూ కోత పెట్టకూడదు. నడక రాకముందే కాలును నాలుగు వైపులా పట్టి ఉంచే గుల్ల లాంటి బ్రేస్ వేయాలి, చర్మం మీద మచ్చలు లెక్కపెట్టాలి. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకం బృందాలకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా నేను చెప్పేది ఇంతే. మచ్చలు లెక్కపెట్టడానికి మెషిన్ అక్కర్లేదు.

పాప ఎక్స్‌రేలో టిబియా మధ్యభాగం, కింది భాగం కలిసే చోట రెండు కొనలూ చెక్కిన పెన్సిల్ మొనల్లా సన్నబడి ఉన్నాయి. మధ్యలో ఖాళీ. ఫిబులా కూడా అదే ఎత్తులో విరిగి ఉంది. క్రాఫర్డ్ వర్గీకరణలో నాలుగో రకం, అంటే ముదిరిపోయినది. వంపు 50 డిగ్రీల పైన. కాలు 4 సెంటీమీటర్లు పొట్టి. పాత ప్లేటు స్క్రూల రంధ్రాలు ఇంకా కనిపిస్తున్నాయి. కింది ముక్క చీలమండ కీలు నుంచి నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు. ఆపరేషన్‌లో ఇదే అసలు ఇబ్బంది. అంత చిన్న ముక్కను దేనితో పట్టుకోవాలి?

తల్లిదండ్రులతో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి దారులన్నీ చెప్పాను. రెండో కాలి ఫిబులాను రక్తనాళాలతో సహా తెచ్చి ఇక్కడ అతికించే మైక్రోసర్జరీ ఒకటి. మంచి పద్ధతే, కానీ బాగున్న కాలి చీలమండను పణంగా పెట్టాలి, అతుకు దగ్గర మళ్లీ విరగొచ్చు. పాదం తీసేసి కృత్రిమ కాలు పెట్టడం ఇంకొకటి. ఆ మాట అనగానే తల్లి పాపను ఒళ్లోకి లాక్కుంది. ఇలాంటప్పుడు చాలామంది డాక్టర్లు ఆ మాట ఎత్తరు. ఎత్తాలనే నేననుకుంటాను. పిల్ల బాల్యమంతా ఆపరేషన్ బల్లల మీద గడిచాక, పదేళ్ల తర్వాత చెప్పడం కన్నా ఇప్పుడే చెప్పడం మేలు. 2006 నాటి బాబు ఇప్పుడు మొబైల్ షాపులో పనిచేస్తున్నాడు. ఫోన్ చేస్తే బైక్ మీద వచ్చాడు. ప్యాంటు పైకి లాగి కృత్రిమ కాలు చూపించి, "తీసెయ్యుడు ముందే తీసేస్తే నాకు మూడు ఆపరేషన్లు తప్పుతుండె" అన్నాడు. నా ముందే అన్నాడు. నిజమే కాబట్టి తలూపాను.

తండ్రి వారం గడువు అడిగాడు. వారం తర్వాత బాపమ్మతో, అంటే పాప నాయనమ్మతో కలిసి ముగ్గురూ వచ్చారు. ముందు అతికించడానికి ఒకసారి ప్రయత్నించండి, కాకపోతే అప్పుడు చూద్దామన్నారు. "ఒక్కసారి సార్, రెండోసారి అడుగం" అని తండ్రి వేలు చూపించాడు. ఆ ఒక్క వేలు ఆపరేషన్ అయ్యేదాకా నా కళ్లలోనే ఉంది.

నేను ఎంచుకున్నది టిబియా, ఫిబులా రెంటినీ కలిపి ఒకే ఎముకగా చేసే పద్ధతి. ఇంగ్లిష్‌లో క్రాస్ యూనియన్ అంటారు. ఇందులో లెక్క తేలిక. గుండ్రటి కడ్డీ మందం రెట్టింపైతే అది వంగకుండా నిలబడే గట్టిదనం రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. ఈ జబ్బులో ఎముకను అతికించడం ఒక ఎత్తు, అతికినదాన్ని మళ్లీ విరగకుండా కాపాడటం ఇంకో ఎత్తు. అతికిన చోట ఎముక సన్నగా ఉంటే యుక్తవయసు వచ్చేలోపు ఎప్పుడైనా విరగొచ్చు. రెండు సన్నటి బొంగుల్ని పక్కపక్కన కట్టి, సందు నింపి ఒకే దుంగ చేస్తే ఆ భయం చాలా తగ్గుతుంది.

ముందు తయారీ. బీపీ చూశాం, ఈ జబ్బు ఉన్నవాళ్లలో కిడ్నీ రక్తనాళం సన్నబడో, అడ్రినల్ గ్రంథిలో గడ్డ వచ్చో బీపీ పెరగొచ్చు. మత్తు డాక్టరుకు అది ముందే తెలియాలి. వెన్నెముక ఎక్స్‌రే, కళ్ల పరీక్ష అయ్యాయి. విటమిన్ డి తక్కువ ఉంటే సరిచేశాం. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు బరువును బట్టి జోలెడ్రానిక్ ఆసిడ్ ఒక డోసు ఎక్కించాం. ఎముకను కరిగించే కణాలకు ముక్కుతాడు వేసే మందు అది. మరునాడు పాపకు 102 జ్వరం వచ్చింది. ముందే చెప్పి ఉంచాం కాబట్టి ఇంట్లో టెన్షన్ పడలేదు, పారాసెటమాల్‌తో తగ్గింది. ఎముకను పుట్టించే బీఎంపీ అనే ప్రొటీన్‌ను కొన్ని సెంటర్లలో వాడతారు. ఖరీదు చాలా ఎక్కువ. మేం వాడలేదు.

నవంబర్‌లో ఆపరేషన్. ఐదు గంటలు పట్టింది. ముందు నడుము ఎముక దగ్గర మొదలుపెట్టాం. తుంటి ఎముక లోపలి వైపు నుంచి గుజ్జు ఎముక తీశాం. ఐదేళ్ల పిల్లలో అది ఎంత దొరుకుతుంది, చిన్న టీ గ్లాసులో సగం. అక్కడే లోపలి కండ కింద ఉన్న మంచి పెరియాస్టియంను దీర్ఘచతురస్రంగా కోసి తీశాం. తీయగానే అది బొటనవేలంత ముద్దగా ముడుచుకుపోయింది. మొదటిసారి చూసేవాళ్లు పాడైపోయిందనుకుంటారు. కాలిన గాయాలకు చర్మం అతికించేటప్పుడు వాడే మెషిన్‌లో పెట్టి వలలా చేస్తే మళ్లీ విచ్చుకుంటుంది. లోపలి వైపు ఏదో, బయటి వైపు ఏదో మరిచిపోకుండా సిస్టర్ ఒక మూలకు నల్లదారం ముడివేసి ఉంచింది. కణాలున్న వైపు ఎముక మీద పడాలి. తిరగేసి పెడితే పడ్డ కష్టమంతా వృథా.

తర్వాత కాలు. కోసి లోపలికి వెళ్లగానే ఎముక చుట్టూ తెల్లగా, దట్టంగా, రబ్బరులా కోతకు లొంగని పొర. ఆరోగ్యంగా ఉన్న పెరియాస్టియం ఉల్లిపొరలా ఉంటుంది. ఇది మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంది. ముందువైపు, వెనకవైపు, రెండు ఎముకల మధ్యన చుట్టూరా కోసి తీశాం. వెనకవైపు తీసేటప్పుడు చేతులు నెమ్మదిస్తాయి. కాలికి రక్తం తీసుకుపోయే నాళం అక్కడే. మంచి ఎముక, మంచి పొర కనిపించేదాకా రెండు వైపులా పోయాం. కొనలు చెక్కాక టిబియాలో రెండు సెంటీమీటర్లు పోయింది. పొడవు పోతుందని ఇక్కడ వెనకాడితే జబ్బును లోపలే ఉంచి కుట్లు వేసినట్టు. టేబుల్ అవతలి నుంచి పీజీ స్టూడెంట్ "సార్, ఇంకా తీయాలా?" అని రెండుసార్లు అడిగాడు. నాకూ మనసులో అదే ప్రశ్న.

కింది ముక్క చిన్నది కాబట్టి కడ్డీని విరిగిన చోటి నుంచి కిందికి దించి, చీలమండ కీలు దాటించి, మడమ ఎముకలోంచి బయటికి తీసి, మళ్లీ అదే దారిన పైకి మోకాలి కింది దాకా కొట్టాం. మూడున్నర మిల్లీమీటర్ల స్టీల్ కడ్డీ. కొంతకాలం చీలమండ కదలదు, అది తెలిసి చేసిందే. ఎముక కింది వైపు పెరిగే కొద్దీ కడ్డీ కొన మడమను వదిలి పైకి జరుగుతుంది, రెండు మూడేళ్లకు కీలు తనంతట తను విడుదలవుతుంది. పెరిగినప్పుడు తనూ సాగే టెలిస్కోపిక్ కడ్డీలున్నాయి, కానీ ఆ రోజు అవి మా చేతిలో లేవు. ఫిబులాకు సన్నటి వైరు. రెండు ఎముకల వెనక నుంచి వలలా విప్పిన పొరను పరిచి, సందులో గుజ్జు ఎముకను కూరి, పొరతో దుప్పటి కప్పినట్టు చుట్టేశాం. నల్లదారం ముడి బయటికే ఉందో లేదో నేనూ సిస్టరూ ఇద్దరం చూశాకే కుట్లు.

పైన ఇలిజరోవ్ ఫ్రేమ్. సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో 1950ల నుంచి గావ్రీల్ ఇలిజరోవ్ తయారు చేసి మెరుగుపరిచిన రింగుల కట్టు ఇది. కార్లో మౌరి అనే ఇటాలియన్ పర్వతారోహకుడి అతకని కాలు అక్కడ బాగయ్యాకే, 1980ల్లో, ఇది పడమటి దేశాలకు చేరింది. పైన రెండు రింగులు, కింద ఒకటి, మడమకు సగం రింగు. ఒకటిన్నర మిల్లీమీటర్ల వైర్లు ఎముకలోంచి అవతలికి పోయి రింగులకు బిగుస్తాయి. సాధారణంగా ఇదే ఫ్రేమ్‌తో రోజుకో మిల్లీమీటరు చొప్పున కాలును పొడవు కూడా చేస్తారు. చాలామంది ఇక్కడే రెండు పనులూ ఒకేసారి చేద్దామనుకుంటారు. తల్లి కూడా "రెండు కాళ్లు సమానం చెయ్యరాదు సార్, మళ్లా మళ్లా ఎందుకు" అంది. నేను ఒప్పుకోలేదు. ముందు అతకనీ, పొడవుకు వయసుంది.

ఆ తర్వాతి ఆరు నెలల ఆపరేషన్ చేసింది నేను కాదు, ఆ తల్లి. రోజూ పొద్దున నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, ఒక్కో వైరు చుట్టూ శుభ్రం చేసి గాజుగుడ్డ మార్చాలి. పన్నెండు చోట్ల. జనవరి నుంచి మిర్చి సీజన్. ఏరబోతే రోజు కూలి వస్తుంది, పోకపోతే రాదు. ఆమె పోలేదు. పోనందుకు ఇంట్లో ఎంత లోటొచ్చిందో నాకెప్పుడూ చెప్పలేదు. తండ్రి మార్కెట్ నుంచి ఒళ్లంతా మిర్చి ఘాటుతో వచ్చి స్నానం చేయకుండా పాప దగ్గరికి పోకూడదని రూలు పెట్టిందట. తుమ్మితే రింగులు కదిలి పాప ఏడ్చేది.

ఫిబ్రవరిలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర. బాపమ్మకు మొక్కుంది, పాపను తీసుకుపోతానంది. ఆ దుమ్ములో, ఆ జనంలో, రింగుల కాలుతో వద్దన్నాను. ఆమె నన్ను పైనించి కిందిదాకా చూసి, "నువ్వు కోసినవ్ కొడుకా, అతికియ్యాల్సింది తల్లులు గద" అంది. జవాబు తోచలేదు. చివరికి పాపను ఇంటి దగ్గరే తూచి ఎత్తు బంగారం ఆమె ఒక్కతే తీసుకుపోయి ఇచ్చి వచ్చింది. మా దగ్గర బెల్లాన్నే బంగారమంటారు. పాప బరువు 14 కిలోలు. ఫ్రేమ్‌తో కలిపి తూచారట, ఇనుముతో సహా బెల్లం పడింది.

జాతర నుంచి వచ్చిన వారానికే పై రింగు ముందు వైరు దగ్గర ఎర్రబడి చీము పట్టింది. జాతరకు పోయింది బాపమ్మ, చీము పట్టింది పాపకు, అయినా ఇంట్లో నింద ఆమె మీదే పడింది. సంబంధం లేదని నేను చెప్పాల్సి వచ్చింది. ఈ ఫ్రేమ్‌లో ఇది దాదాపు అందరికీ ఏదో ఒక వైరు దగ్గర వస్తుంది. టాబ్లెట్లకు లొంగలేదు, ఆ ఒక్క వైరును ఓపీలోనే తీసేశాం. మిగతావి నిలబడ్డాయి.

నాలుగున్నర నెలల ఎక్స్‌రే చూసినప్పుడు నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. వ్యూ బాక్స్ మీద నమ్మకం చాల్లేదు. రెండు ఎముకల మధ్య మబ్బులా తెల్లగా నిండి ఉంది. నాలుగు వైపుల్లో మూడు వైపులా అతికింది. ఇంకో ఆరు వారాలు ఆగి 2022 మేలో ఫ్రేమ్ తీశాం. తీసిన రోజు పాప తన కాలును తనే కాసేపు చూసి, రింగులు ఇంటికి ఇస్తారా అని అడిగింది.

ఫ్రేమ్ తీయడంతో ఇంట్లోవాళ్లు పండగ చేసుకున్నారు. నాకైతే ఇప్పుడే టెన్షన్. ఈ జబ్బులో అతికిన ఎముక మళ్లీ విరగడం కొత్త కాదు. అందుకే కాలు ముందు వెనకా మూసే ప్లాస్టిక్ బ్రేస్, ఎదుగుదల ఆగేదాకా. అంటే మరో పదేళ్లు. బ్రేస్ మీద మూడు పట్టీలు. పిల్ల పెరుగుతుంది, బ్రేస్ పెరగదు. ప్రతి ఎనిమిది పది నెలలకు కొత్తది కావాలి.

2023 దసరా తర్వాత వచ్చినప్పుడు బ్రేస్ మధ్య పట్టీ మీద కొత్త కుట్లు కనిపించాయి. దగ్గర దగ్గరగా, ఒకే కొలతలో, గోనె సుతిలితో. పట్టీ తెగితే తండ్రి బస్తాలు కుట్టే దబ్బనంతో కుట్టాడు. సద్దుల బతుకమ్మ నాడు పాప ఆడతానని మొండికేసిందట, బ్రేస్ లేకుండా వద్దని ఆ రాత్రే కూర్చుని కుట్టాడట. మా బ్రేస్ తయారు చేసే కుర్రాడికి చూపించాను. తను వేసే కుట్టు కన్నా గట్టిగా ఉందన్నాడు.

కడ్డీ అనుకున్నట్టే మడమ ఎముకను వదిలేసింది, ఇప్పుడు చీలమండ కీలు కొంచెం కొంచెం కదులుతోంది. ఇబ్బంది ఇంకోటి మొదలైంది. పాదం బయటి వైపు ఒరుగుతోంది. 2023లో 8 డిగ్రీలు, 2025లో 13. ఫిబులా కింది భాగం వెనకబడితే ఇలా అవుతుంది. ఇది వస్తుందని పుస్తకంలో ఉన్నదే. 8 డిగ్రీలప్పుడే చీలమండ లోపలి వైపు చిన్న స్క్రూ వేసి ఆ వైపు పెరుగుదలను నెమ్మదింపజేసి ఉంటే ఈపాటికి సరిపోయేదేమో. అప్పుడు ఇంకో మత్తు ఎందుకని ఆగాను. ఆగకుండా ఉండాల్సింది. వచ్చే వేసవి సెలవులకు ఆ స్క్రూ రాసిపెట్టాను. కాళ్ల పొడవులో ఇప్పుడు తేడా 3 సెంటీమీటర్లు, బూటు కింద ఎత్తు వేసి నడుస్తోంది. పదకొండు పన్నెండేళ్ల వయసులో ఈ కాలు పై భాగాన్ని సాగదీయాలా, ఎడమ కాలి పెరుగుదలను ఆపాలా అప్పుడు చూస్తాం.

ఈ మధ్యలో ఆ ఇంట్లో తమ్ముడు పుట్టాడు. నాలుగో నెలలో చూపించడానికి తెచ్చారు. తల్లి నేను అడక్కముందే బట్టలు విప్పి, "ఏడు మచ్చలున్నయి సార్" అంది. నేను స్కేలు తీసి కొలిచాను. ఏడూ 5 మిల్లీమీటర్ల పైనే. రెండు కాళ్లూ నిటారుగా ఉన్నాయి. ఏడాదికోసారి కళ్లు, బీపీ, వీపు చూపించాలని కార్డు మీద రాసిచ్చాను. అక్క అది చదివి, నాకు కూడా కార్డు మార్చండి, పాతది చిరిగింది అంది. రెండో తరగతి చదువుతోంది. కొత్త బ్రేస్ నల్ల రంగులో కావాలట, స్కూల్ బూట్లకు మ్యాచింగ్. నల్ల షీటు తెప్పించమని బ్రేస్ కుర్రాడికి చెప్పాను.